ఎముకల పొట్లం

మా పెళ్లై ముప్ఫై ఏళ్లని
ఫర్హానా టేబుల్ బుక్ చేసింది,
బందరు రోడ్డు మీద, ఆరో అంతస్తు.
ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసా
లిఫ్టు దగ్గరే తీసి పెట్టేసుకున్నాడు సెక్యూరిటీ.
జాన్‌బీ పూసుకున్న అత్తరు మాత్రం
మాతోపాటే పైకొచ్చింది.

కిటికీ పక్క సీటన్నారట ఫోన్లో,
కృష్ణ కనిపిస్తుందన్నారట.
ఇచ్చింది వంటగది తలుపు పక్కన.
అది తెరుచుకున్నప్పుడల్లా
గిన్నెల మోత, ఎవరో ఎవర్నో తిట్టే హిందీ.
నల్లచొక్కా కుర్రాడు
పలకంత మెనూ నన్ను దాటించి
పిల్ల చేతికిచ్చాడు.
ఎంత రుద్దినా వదలని ఎరుపు
నా గోళ్ల సందుల్లో
చూశాడేమో.

"వెల్ డన్?" అన్నాడు నావైపు తిరిగి.
మెచ్చుకుంటున్నాడనుకుని
థాంక్స్ చెప్పాను.
రాసేసుకుని వెళ్లిపోయాడు.

యాభై నిమిషాలు.
మంచినీళ్లు రెండుసార్లు అడిగాం.
మూడోసారికి సీసా తెచ్చి
సీలు తెంపాక చెప్పాడు, నూట ఎనభై అని.
మా తర్వాతొచ్చిన కోటువాళ్లకి
సూపులొచ్చాయి, సూపుల తర్వాతవీ వచ్చాయి.
జాన్‌బీ గుడ్డ రుమాలుని పడవలా మడిచి,
విప్పి,
మళ్లీ మడిచింది.

చివరికి వచ్చింది.
నల్లరాతి మీద మూడు ముక్కలు,
నిలువునా చీల్చిన ఒక్క కారెట్టు,
ఎవరో సంతకం మొదలెట్టి మానేసినట్టు
ఒక ఎర్రటి సాసు గీత.
లాంబ్ చాప్స్ అట.
న్యూజిలాండ్‌వని రాసుందట.

చూడగానే పోల్చుకున్నాను.
ఎముక కొసన ఆ చిన్న ఏటవాలు గాటు.
నా కత్తి మడమ కాస్త అరిగింది,
ఎముక తగలగానే
అర నూలు పక్కకి జారుతుంది.
వించిపేటలో ఇంకెవరి కత్తీ అలా జారదు.
నిన్న తెల్లవారుజామున
వినుకొండ సంత నుంచి దిగిన పొట్టేలు,
పళ్లు చూసి, తొడ నొక్కి
నేనే తీసుకున్నాను.
ఐస్ పెట్టెలో పట్టుకెళ్లే కాంట్రాక్టరుని
ఏ హోటలుకని ఏనాడూ అడగలేదు.

వాళ్లిచ్చిన కత్తికి పళ్లున్నాయి, పదును లేదు.
చేత్తో పట్టుకుని నమిలాం.
లేత మాంసం, నాకు తెలుసు కదా,
బోసినోటి ముసలమ్మ కూడా తినగలిగేది.
ఎవరో దాన్ని నిప్పు మీద పడేసి
ఫోన్ మాట్లాడుకున్నారు.
వెల్ డన్ అన్న పాపం నాదీ కొంత.
అయినా ఆ పొట్టేలు
రెండుసార్లు చచ్చిందనిపించింది.
మొదటిసారి నేను బిస్మిల్లా అన్నాను.
రెండోసారి
ఎవరూ ఏమీ అనలేదు.

"ఎలా ఉంది సర్?"
జవాబు కోసం ఆగకుండా ప్లేట్లు తీస్తున్నాడు.
జాన్‌బీ బల్ల కింద నా మోకాలు నొక్కింది.
"బాగుంది బాబూ" అన్నాను.
"నిన్నటిది ముదురు సాయిబూ" అని
నా కొట్టు ముందు నిలబడి
మొహానే అనేసిన గిరాకీలంతా గుర్తొచ్చారు.
ఎంత నోరు చేసుకునేవాణ్ణి వాళ్లమీద!
ఎంత ధైర్యవంతులు.

బిల్లు తోలు అట్టలో వచ్చింది.
మూడు వేల ఎనిమిది వందల నలభై.
సర్వీస్ ఛార్జి అని అందులో
మూడొందల చిల్లర.
ఆ సర్వీసు ఎవరు చేశారా అని
చుట్టూ చూశాను.

"ఎముకలు కట్టివ్వు."
"కుక్కకా సార్?"
అదే మొదటిసారి వాడు తెలుగు మాట్లాడటం,
రేపల్లె యాస.
ఇరవై కూడా ఉండవు.
బూటు మడమ తొక్కేసి
ఒంటికాలి మీద బరువాపుకుని నిలబడ్డాడు.
"కాదు నాయనా, మాకే."
రెండు పొరల కాగితంలో చుట్టి,
ఎందుకో, మీద ఒక సోంపు పొట్లం పెట్టాడు.

పొద్దున్నే జాన్‌బీ వాటిని
మిరియాలేసి కుక్కర్లో పెట్టింది.
ఆరో కూతకి వాసన మెట్లు దిగి
కొట్లోకి వచ్చింది.
ఎముక తప్పేం లేదు.

నేను కత్తి సాన పడుతుంటే
ఐస్ పెట్టె బండి వచ్చి ఆగింది.
"చాపులు నాలుగు కిలోలు సాయిబూ, తొందరగా."
కోశాను.
అరిగినచోట
ఇవాళా జారింది.